పొట్లం మీద పేరు, కొమ్మ మీద పువ్వు

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దొడ్డి పెంచడం సులువు కాదు. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె పేరు ఈమధ్య చేపల రేవు వల్ల బయటివాళ్లకు తెలిసింది. ఆ తీరమంతా ఇసుక నేల. పైన పల్చటి మంచినీటి పొర, దాని కింద ఉప్పునీరు. అందుకే ఇలాంటి చోట లోతు బావి కంటే లోతులేని గుంట అయిన దొరువుకే విలువ. కడవలతో నీళ్లు పోసి పెంచుకునే నాలుగు బెండ మొక్కలు, ఒక సొరపాదు, ఒక మడి గోంగూర ఇంటి కూరకు ఆధారం. కావలిలోనో బిట్రగుంటలోనో అంగడిలో కొన్న పొట్లంలోంచి పేరు ఒకటి, మొక్క ఒకటి వస్తే పొట్లం ఖరీదుతో పోదు, ఒక కారు మొత్తం పోతుంది. పైగా వచ్చిందేమిటో తెలియకపోవడం ఇంకో చిక్కు. పీకెయ్యాలా, ఉంచాలా, వండుకోవచ్చా, మేకకు వెయ్యొచ్చా?

తప్పు పేరుతో వచ్చిన విత్తనం నుంచి మొలిచిన మొక్కను గుర్తుపట్టడం గురించి వృక్షశాస్త్రం, విత్తన శాస్త్రం, వైద్యం, న్యాయం తలా ఒక మాట చెప్పాయి. వాటిని ఒకచోట చేర్చి చూస్తే ఆ ప్రశ్నలో మెట్లు కనిపిస్తాయి. ముందు ఏ కుటుంబం, తర్వాత ఏ జాతి, ఆపైన ఏ రకం. ఒక్కో మెట్టుకు కావలసిన సాక్ష్యం వేరు. ఆకు చూసి మొదటి మెట్టు దిగొచ్చు. పువ్వూ కాయా చూడకుండా రెండోది దిగడం కష్టం. మూడోది చాలాసార్లు కంటికి అందదు. ఆకు దగ్గరే తీర్పు చెప్పెయ్యడమే దొడ్లలో జరిగే పొరపాట్లకు మూలమని నా నమ్మకం.

ముందుగా విత్తనం నిజంగా తప్పా అన్నది తేల్చుకోవాలి. తప్పు కానిదాన్ని తప్పనుకోవడం మామూలే. పాత చిక్కుడు రకాలు పగటి పొద్దు తగ్గితే గానీ పూత పట్టవు. వేసవిలో నాటితే చలికాలం దాకా పందిరంతా తీగే, కాయ ఒక్కటీ ఉండదు. గోంగూరదీ అదే స్వభావం. మే నెలలో చల్లితే నెలల తరబడి ఆకు వేస్తూ మనిషెత్తు దాటుతుంది. అక్టోబరులో చల్లితే పొట్టిగా ఉండగానే పూస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకే పొట్లంలోవని నమ్మబుద్ధి కాదు. ఆడ, మగ చెట్లు విడిగా ఉండే బొప్పాయి రకాల్లో ఇంచుమించు సగం మగవే వస్తాయి. అవి పొడుగాటి కాడలకు గుత్తులుగా పూసి, కాయకుండా ఊరుకుంటాయి. అది ఆ విత్తనం గుణమే గానీ మోసం కాదు. హైబ్రిడ్ టమాటా కాయలోంచి గింజలు తీసి దాచుకుని మరుసటి ఏడు నాటితే మొక్కలు తలో తీరుగా వస్తాయి. మెండెల్ 1866లో బఠానీల మీద రాసిన సూత్రమే అక్కడ పనిచేస్తుంది. తీరంలో వీటికి తోడు ఉప్పుగాలి. లోపలి ఊళ్లలో అరచేయంత విప్పారే ఆకు ఇక్కడ చిన్నదై, మందమై, అంచులు మాడి, పుస్తకంలో బొమ్మకు దూరమైపోతుంది. కాబట్టి కనీసం ఒక పూత చూసేదాకా అంగడివాణ్ణి తప్పుపట్టకపోవడం న్యాయం.

ఇక నిజంగా తప్పు విత్తనమే వస్తే, అది వచ్చే దారులు కొన్ని తెలిసినవే. మొదటిది పొట్లాలు కట్టేచోట కలిసిపోవడం. 2023లో అమెరికాలో ఘాటైన హలపెన్యో మిరప అని కొని నాటినవాళ్ల తోటల్లో కారం లేని పసుపు మిరపకాయలు కాశాయి. ఒకే టోకు సరుకు అనేక కంపెనీల పొట్లాల్లోకి వెళ్లడంతో తప్పు దేశమంతా పాకింది. రెండోది కలుపు గింజ. పైరు గింజతో పరిమాణంలో, బరువులో, పక్వానికొచ్చే కాలంలో సరిపోయే కలుపు, చేటకూ జల్లెడకూ దొరకకుండా విత్తనంతో పాటే ఇంటికి చేరి, మళ్లీ పొలానికి వెళ్తుంది. తరతరాలుగా మనిషి చెరుగుడే దాన్ని పైరులా మలుస్తుందని రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ చెప్పాడు. రై ధాన్యం గోధుమ చేలలో కలుపుగా బతికి చివరికి పంటగా మారిందన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ. మన వరిమళ్లలో ఊద గడ్డి నారు దశలో వరి నారులో ఎలా దాక్కుంటుందో నాట్లు వేసే ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. మూడోది పరపరాగ సంపర్కం. తేనెటీగ పక్క తోట పుప్పొడి తెస్తే కాయ బాగానే ఉంటుంది, దాని గింజలోనే తేడా వస్తుంది. నాలుగోది మోసం. 2016లో ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప రైతులు పైరు ఏపుగా పెరిగి కాయ పట్టకపోవడంతో రోడ్డెక్కారు.

గింజ దగ్గరే తప్పు పట్టుకోగలిగితే ఎంతో శ్రమ తప్పుతుంది. 2020 వేసవిలో అమెరికాలో వేలమందికి అడగని విత్తనాల పొట్లాలు టపాలో వచ్చాయి. నగలనీ ఇంకేదో అనీ పైన రాసి ఉన్నా లోపల గింజలు. ఆ దేశపు వ్యవసాయ శాఖ నిపుణులు వాటిని నాటకుండానే, ఆవాలు, క్యాబేజీ, పుదీనా, మందార జాతి, గులాబీ వంటివని పోల్చుకున్నారు. ఆ ఆగస్టులో మన కేంద్ర ప్రభుత్వం కూడా రాష్ట్రాలను హెచ్చరించింది. నిపుణులకున్న పనిముట్లు మన దగ్గర లేకపోయినా బెండ గింజకూ గోంగూర గింజకూ తేడా ఎవరికైనా తెలుస్తుంది. బెండ గింజ గుండ్రంగా, ముదురు బూడిద పచ్చగా, మిరియమంత ఉంటుంది. గోంగూర గింజ కోణాలు తేలి, మట్టి రంగులో ఉంటుంది. విత్తేముందు గుప్పెడు గింజలు తెల్ల కాగితం మీద పోసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసుకుంటే అదే తర్వాత అన్నిటికంటే గట్టి ఆధారం అవుతుంది.

పేర్లు తారుమారయ్యే అవకాశం మన దొడ్లలో ఎక్కువగా ఉండేది మందార కుటుంబంలోనే. బెండ, గోంగూర, పత్తి, కస్తూరి బెండ, తుత్తురు బెండ, తీరంలో నీడనిచ్చే గంగరావి అన్నీ ఆ ఇంటివే. మొలకలో అన్నిటికీ రెండు గుండ్రటి బీజదళాలు, తర్వాత విచ్చీ విచ్చని ఆకులు. మూడు నాలుగు వారాలదాకా వీటి మధ్య తేడా చెప్పడం అనుభవజ్ఞులకే కష్టం. గోంగూర అని చల్లితే ఆకు లోతుగా చీలి, చేతి వేళ్లలా సాగి, గంజాయేమోనని ఇరుగుపొరుగు భయపడిన సందర్భం ఊహించండి. శాస్త్రం ఆ మొక్కను హైబిస్కస్ కన్నాబినస్ అంటుంది. గోగునార ఇచ్చే గోగు అదే. ఆకు గంజాయిని పోలి ఉంటుందని లిన్నేయస్ కాలంలోనే గమనించారు. గంజాయి ఆకు విడివిడి రేకులుగా ఒకే బిందువు దగ్గర కలుస్తుంది, అడుగు కణుపుల దగ్గర ఆకులు ఎదురెదురుగా పుడతాయి. గోగు ఆకు ఎంత లోతుగా చీలినా మొదట్లో ఒకే రేకు, కణుపుకు ఒకటే ఆకు, కాండం మీద సన్నటి ముళ్లు. ఇంతవరకూ ఆకుతో తేలే సంగతి.

తర్వాతది పువ్వు తేల్చాలి. ఐదు రేకులు, మధ్యలో కేసరాలన్నీ ఒకే గొట్టంగా అతుక్కుని కీలం చుట్టూ నిలబడితే మందార కుటుంబమని నిర్ధారణ అయినట్టే. అక్కణ్ణుంచి చూపు రంగుల రేకుల మీద నుంచి కిందికి దిగాలి. లేత పసుపు రేకులు, మధ్యలో మెరూన్ బొట్టు ఈ ఇంట్లో చాలామందికి ఉన్న పోలిక, దానితో ఏమీ తేలదు. రేకుల కింది పచ్చటి గిన్నె ఒక పక్కకు చీలి, పువ్వు వాడగానే రేకులతో పాటు రాలిపోతే అది బెండ వర్గం, ఎబెల్మాస్కస్. ఐదు కొనలతో విచ్చుకుని కాయ ముదిరేదాకా అంటిపెట్టుకుని ఉంటే గోంగూర వర్గం, హైబిస్కస్. ఆ గిన్నె కింద ఇంకో వరస పచ్చాకులు ఉంటాయి. అవి సన్నటి దారాల్లా ఏడెనిమిదో పదో ఉంటే గోంగూరో బెండో అనుకోవచ్చు. అంచులు కోసినట్టుండే మూడు వెడల్పాటి ఆకులైతే పత్తి. అసలు ఆ వరసే లేకపోతే తుత్తురు బెండ లాంటిది. ఇక గోంగూరలో రెండు జాతులున్నాయి. కాయ చుట్టూ గిన్నె ఎర్రగా, కండపట్టి, నోట్లో వేసుకుంటే పుల్లగా ఉంటే హైబిస్కస్ సబ్దరిఫా. కండ లేకుండా నూగుగా, గరుకుగా ఉంటే మొదట చెప్పిన గోగు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం ఎ.ఎం.వి. పేరుతో సబ్దరిఫా రకాలను నార కోసం తయారుచేసింది. నార రకం విత్తనం కూర పొట్లంలోకి వస్తే దొడ్లో దుడ్డుకర్రల్లాంటి పొడుగు కాండాలు, తక్కువ ఆకులు వస్తాయి. అది జాతి తప్పు కాదు, రకం తప్పు. పువ్వు చూసినా ఆ తేడా తేలదు. అలాగే ధ్రువీకరణ ప్రమాణాల్లో బెండ విత్తనానికి కనీసం 99 శాతం భౌతిక స్వచ్ఛత, 65 శాతం మొలక ఉండాలి. అడవి బెండ జాతుల గింజలను ప్రత్యేకంగా అభ్యంతరకరమైన కలుపుగా లెక్కిస్తారు. కస్తూరి బెండ కాయ బెండకాయలాగే కనిపించినా పొట్టిగా, బిరుసు నూగుతో ఉంటుంది. గింజ నలిపితే కస్తూరి వాసన వస్తుంది. దొడ్డికి అందంగానే ఉంటుంది గానీ కూరకు పనికిరాదు.

ఆకుకూరల సంగతి ఇంతకంటే తేలిక. తోటకూర పొట్లంలో ముళ్ల తోటకూర వస్తే కాండం మీద ముళ్లు చూసి పట్టుకోవచ్చు, తిన్నా ప్రమాదం లేదు.

ప్రమాదం ఉన్నచోట మాత్రం పువ్వు దాకా ఆగడం కూడా చాలదు, అప్పటిదాకా నోట్లో పెట్టకూడదు. వంగ, టమాటా, మిరప, ఉమ్మెత్త ఒకే కుటుంబం, నారు దశలో పోలిక ఎక్కువ. ఉమ్మెత్త గింజనూ మిరప గింజనూ వేరుచెయ్యడం మన వైద్య విద్యార్థులు ఫోరెన్సిక్ పాఠంలో తప్పనిసరిగా నేర్చుకుంటారు. ఈ దేశంలో ఉమ్మెత్త విషప్రయోగాల చరిత్ర అంత పాతది. ఉమ్మెత్త గింజ మూత్రపిండం ఆకారంలో, పెద్దదిగా, మందంగా, గోధుమ రంగులో, పైన సన్నటి గుంటలతో ఉంటుంది. మిరప గింజ పలచగా, గుండ్రంగా, లేత పసుపుగా, నునుపుగా ఉంటుంది. నిలువుగా కోసి భూతద్దంలో చూస్తే మిరప గింజలో బీజం 6 అంకెలా లోపలికి ముడుచుకుని కనిపిస్తుంది, ఉమ్మెత్తలో బయటికి వంగి ఉంటుంది. మొక్క పెరిగాక ఉమ్మెత్త ఆకు నలిపితే వెగటు వాసన, పొడుగాటి బాకా పువ్వు, ముళ్ల కాయ. అప్పుడు పోల్చుకోవడానికి పుస్తకం అక్కర్లేదు.

సొరపాదు విషయంలో పేరు సరైనదే అయినా కాయ శత్రువు కావచ్చు. చేదు సొరకాయ రసం తాగి మనుషులు చనిపోయిన ఘటనల తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసింది, దాని నివేదిక 2012లో అచ్చయింది. కారణం కుకుర్బిటాసిన్లు. అడవి పోలికలు తిరిగి తేలినప్పుడు గానీ, మొక్క ఎండకూ నీటి ఎద్దడికీ నలిగినప్పుడు గానీ ఇవి పెరుగుతాయి. ఉడికించినా పోవు. తీరంలో ఏప్రిల్, మే ఎండలకు నలిగే పాదుల విషయంలో ఇది గుర్తుంచుకోవలసిన మాట. చిన్న ముక్క నాలుకకు తగిలించి చేదనిపిస్తే ఉమ్మేసి ఆ కాయను పారెయ్యాలి, ఆ పాదు గింజ దాచకూడదు. ఆవాల మడిలో మొలిచే బ్రహ్మదండిది ఇంకో తరహా. దాని గింజ ఆవగింజకు నకలు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఆ గింజల నూనె కలిసి, ఒళ్లు వాచే జబ్బుతో వేలమంది మంచాన పడ్డారు, పదుల సంఖ్యలో చనిపోయారు. మొక్కగా దాన్ని పట్టుకోవడం తేలికే. కాడ విరిస్తే పసుపు పాలు కారతాయి, ఆవ మొక్కలో కారవు.

చెట్ల విత్తనంలో జరిగిన తప్పు బయటపడటానికి తరాలు పడుతుంది. జువ్వలదిన్నె తీరంలో సరుగుడు ముఖ్యమైన ఆదాయం. పాత సరుగుడు కాజువరినా ఈక్విసెటిఫోలియా, ఇప్పుడు నాటే వాటిలో జుంగ్‌హూనియానా, రెండింటి సంకరాలూ ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, పచ్చటి రెమ్మలు. కణుపు దగ్గర పళ్లలా ఉండే పొలుసులే ఆకులు. ఒక కణుపు విరిచి భూతద్దం కింద ఆ పళ్లు లెక్కపెడితే పాత జాతికి సాధారణంగా ఏడెనిమిది, కొత్తదానికి తొమ్మిది నుంచి పదకొండు. సంకరాల్లో ఈ లెక్క మసకబారుతుంది. అయినా నారు కొనే రైతుకు పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

అదే తీరంలో చిల్లచెట్టుది, అంటే సర్కారు తుమ్మది, ఇంకా పెద్ద కథ. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో ఈ విత్తనం కావాలని ప్రభుత్వానికి రాశాడు. 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. ఆ తర్వాత దశాబ్దాల్లో దగ్గరి జాతుల గింజలు వేరువేరు చోట్ల నుంచి, వేరువేరు పేర్లతో దేశంలోకి వచ్చాయి. ప్రోసోపిస్ జూలిఫ్లోరా అని పిలిచినవాటిలో కొన్ని పల్లిడా అన్న దగ్గరి జాతివని తర్వాత తేలింది. ఈ రెండు జాతుల చిక్కుముడి విప్పడానికి 2001లో ఒక పూర్తి గ్రంథమే రాయవలసి వచ్చింది. 2022లో శాస్త్రవేత్తలు ప్రోసోపిస్ ప్రజాతినే విడగొట్టి దీన్ని నెల్ట్యూమా అన్న పేరు కిందకు చేర్చారు. చెట్టు అదే, చీటీ మారింది. అలాగని పేరు పనికిరానిదని అనుకోకూడదు. ఏ జాతి ఎక్కడ ఎలా ప్రవర్తిస్తుందో పేరు ద్వారానే ఒక చోటి అనుభవం ఇంకో చోటికి చేరుతుంది.

కన్ను పూర్తిగా ఓడిపోయే చోట్లూ ఉన్నాయి. 2015లో హెల్సింకి రైల్వే స్టేషన్ దగ్గర పూలకుండీల్లో నారింజ రంగు పెటూనియాలు చూసి తీము తేరి అనే శాస్త్రవేత్తకు అనుమానం వచ్చింది. ఆ రంగు పెటూనియాకు సహజం కాదు. 1987 నాటి ప్రయోగంలో మొక్కజొన్న జన్యువును పెటూనియాలో పెట్టిన సంగతి ఆయనకు తెలుసు. పరీక్షిస్తే అదే జన్యువు బయటపడింది. 2017లో ఆ మొక్కలను ఐరోపాలోనూ అమెరికాలోనూ అమ్మకాల నుంచి తప్పించారు. అదే ఏడాది తెలుగు రాష్ట్రాల్లోనూ మహారాష్ట్ర, గుజరాత్‌లలోనూ అనుమతి లేని, కలుపు మందును తట్టుకునే పత్తి మామూలు పత్తి పొట్లాల్లో అమ్ముడవుతోందని బయటపడి, కేంద్రం విచారణ సంఘాన్ని వేసింది. ఆ పత్తి ఆకూ పువ్వూ కాయా ఏవీ తేడా చెప్పవు. ఆకు రసంలో ముంచే చిన్న పట్టీ పరీక్షే చెబుతుంది. డి.ఎన్.ఎ. పరీక్ష ఇంకా ముందుకు వెళ్తుంది. 2009లో శాస్త్రవేత్తలు మొక్కలన్నిటికీ ఉమ్మడి గుర్తుగా రెండు జన్యు ఖండాలను ఎంచుకున్నారు. దానితో కుటుంబం, ప్రజాతి నమ్మకంగా తేలతాయి, దగ్గరి జాతుల మధ్య కొన్నిసార్లు తేలవు, రకానికి వేరే గుర్తులు కావాలి. రకం స్వచ్ఛతకు ఇప్పటికీ విత్తన సంస్థలు నమ్ముకునే పాత పద్ధతి గ్రో అవుట్ టెస్ట్. అంటే విత్తనాలు మడిలో నాటి, పక్కన అసలు రకం నాటి, పోల్చి చూడటం.

సామాన్యుడికి ఇప్పుడు అందుబాటులో ఉన్నది చేతిలో ఫోను. ఫ్రెంచి పరిశోధన సంస్థలు తయారుచేసిన ప్లాంట్‌నెట్ 2013 నుంచి ఉంది. దీన్ని కాదనలేం, మందార కుటుంబమని చెప్పడంలో అది చాలావరకు సఫలం అవుతుంది. కానీ ఆకు ఫొటో ఒక్కటే ఇచ్చి జాతి అడగడం దానికీ మనకూ అన్యాయం. పువ్వు ముందు నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి, కాయ, కాండం, మొత్తం మొక్క విడివిడిగా తీస్తే ఫలితం మారుతుంది. అది ఇచ్చే జాబితాను మన ప్రాంతపు పుస్తకంతో సరిచూడాలి. మొక్కలను గుర్తించి పుస్తకాలకెక్కించే పని మన తీరానికి కొత్త కాదు. 1781లో సామర్లకోట చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించి, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. 1795 నుంచి మూడు సంపుటాల్లో 300 పటాలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం వెలువడింది. గ్యాంబుల్ 1915లో మొదలుపెట్టగా ఫిషర్ 1936లో పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల గ్రంథం ఇప్పటికీ కళాశాలల్లో తెరుస్తున్నారు. ఒక లోటు మాత్రం ఉంది. ఇవి స్వతహాగా పెరిగే మొక్కల పుస్తకాలు. అంగడి పొట్లంలోంచి వచ్చిన విదేశీ పూలమొక్క వీటిలో ఉండకపోవచ్చు. పుస్తకంలో దొరకలేదంటే మొక్క వింతదని అర్థం కాదు.

నిపుణుడికి చూపించాలంటే మొక్కను తీసుకెళ్లే తీరు కూడా ఉంది. పువ్వూ కాయా ఉన్న కొమ్మను వార్తాపత్రిక మడతల్లో పరిచి, బరువు పెట్టి, కాగితాలు మారుస్తూ ఆరబెట్టాలి. ఉప్పుగాలి తేమకు బూజు పట్టే తీరంలో కాగితాలు రోజూ మార్చాలి. ఎండితే రంగు, వాసన, పాలు పోతాయి కాబట్టి అవి అప్పుడే రాసుకోవాలి. ఎత్తు, విత్తిన తేదీ, పూత తేదీ, పొట్లం మీది పేరు కూడా. ఆ చీటీ లేని ఎండు కొమ్మ నిపుణుడికి సగం పనికే వస్తుంది.

చట్టం దగ్గరికి వస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. 1966 విత్తన చట్టం ప్రకారం నోటిఫై చేసిన విత్తనం అమ్మాలంటే అది ఏ జాతో, ఏ రకమో గుర్తించగలిగేలా ఉండాలి, మొలక శాతం, స్వచ్ఛత చీటీ మీద ఉండాలి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ, ఉత్పత్తిదారుడు తన మాట మీద అమ్మేదానికి ఆకుపచ్చ చీటీ. తప్పు చేస్తే మొదటిసారి జరిమానా 500 రూపాయలదాకా. మళ్లీ చేస్తే 1000 రూపాయలదాకా, లేదా ఆరు నెలలదాకా జైలు, లేదా రెండూ. దాన్ని మార్చాలని 2004లో తెచ్చిన బిల్లూ 2019లో తయారుచేసిన ముసాయిదా బిల్లూ చట్టం కాలేదు. తాను పండించిన విత్తనాన్ని తన ఇంటి దగ్గరే ఇంకొకరికి ఇచ్చే రైతుకు ఈ చట్టం వర్తించదు. అది మంచిదే. ఊళ్లలో గింజలు చేతులు మారడం ఆగకూడదు.

రైతుకు నిజంగా ఊతమిచ్చింది మన ఆంధ్ర రైతుల కేసులోనే వచ్చిన తీర్పు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు పోదని తేల్చింది. విత్తనం తప్పని నిరూపించడానికి ప్రయోగశాల నివేదిక ఏదని కంపెనీ అడిగితే, కొన్న విత్తనమంతా పొలంలో చల్లిన రైతు నమూనా ఎక్కణ్ణుంచి తెస్తాడు, అదే లాట్ విత్తనం మీ దగ్గర ఉంటే మీరే పరీక్షకు పంపొచ్చు కదా అన్నది ఆ తీర్పులోని సారాంశం. దొడ్డికి ఒక పొట్లం కొనేవాళ్లకూ ఇది వర్తిస్తుంది గానీ, ముప్ఫై రూపాయల పొట్లం కోసం కోర్టుకు వెళ్లేదెవరు? అందుకే చిన్న పొట్లాల తప్పులు లెక్కలోకి రావు. బిల్లు అడిగి తీసుకోవడం, పది గింజలు పొట్లంలోనే మిగిల్చి ఉంచడం, లాట్ నంబరు చింపెయ్యకుండా పొట్లాన్ని పైనుంచి తెరవడం మన చేతిలో ఉన్నవి. మిగతాది ప్రభుత్వం చెయ్యాలి. కొత్త చట్టం ఎప్పుడు వచ్చినా, చిన్న పొట్లం మీద కూడా శాస్త్రీయ నామం, లాట్ నంబరు, పరీక్ష తేదీ, విత్తే కాలం తెలుగులో, చదవగలిగినంత అక్షరాల్లో ఉండాలన్న నిబంధన అందులో చేరాలి. ప్రతి లాట్ నుంచి నమూనా కనీసం రెండు కార్లు దాచే బాధ్యత అమ్మినవాళ్ల మీదే పెట్టాలి.